ఐదు వారాల తర్వాత మీ బరువు

"ఈ వాక్యం రాసిన మహానుభావుడు ఎవరండీ?"

ఆమె నాతో అన్న మొదటి మాట అదే. ఒక చేతిలో తడిసిన గొడుగు, ఇంకో చేతిలో ఫోన్ పట్టుకుని మా ఆఫీసు గుమ్మంలో నిలబడింది. ముందు గదిలో ఉన్నది నేనొక్కడినే.

ఆఫీసంటే పెద్దగా ఊహించుకోకండి. టైలరు షాపు పైన రెండు మేడ గదులు. కింద కుట్టుమిషన్లు తిరిగితే పైన మా బల్లలు వణికేవి. ఇప్పుడా మేడ లేదు. ఆ వీధిన పోతే అది ఎక్కడుండేదో పోల్చుకోవడానికి నాకే కాసేపు పడుతుంది. ఆ గొడుగు కొసనుంచి గచ్చు మీద కారిన నీళ్ళు మాత్రం ఇప్పటికీ కళ్ళముందే ఉన్నాయి.

ఫోన్ నా ముక్కు దగ్గర పెట్టింది. మా యాపే. తిన్నవన్నీ అందులో రాస్తే రోజు చివర ఒక వాక్యం వస్తుంది: 'రోజూ ఇలాగే తింటే ఐదు వారాల తర్వాత మీ బరువు ఇంత.'

"నేనేనండీ," అన్నాను, మెచ్చుకోవడానికి వచ్చిందేమోనని.

"మీరేనా! నేను ఈ వీధి చివర హాస్పిటల్లో డైటీషియన్ని. నా దగ్గరికొచ్చే ఒకావిడ జ్వరంతో ఒకరోజు సూపు తప్ప ఏమీ తీసుకోలేదు. మీ యాప్ ఆవిడకి అయిదు కిలోలు తగ్గుతావని వరమిచ్చింది. జ్వరం పోయింది గానీ ఆవిడ సూపు వదల్లేదు. నిన్న మా వరండాలో కళ్ళు తిరిగి పడింది."

ఆవిడ పడిపోవడంలో నా పాలు ఉందని తెలిసింది. కానీ వయసలాంటిది, తప్పు ఒప్పుకోవడానికి నోరు రాలేదు.

"చూడండి మేడమ్, ఇది లెక్క. మీ ఎత్తు, వయసు, బరువు, చేసే పని బట్టి ఒంటికి రోజుకి ఎన్ని కేలరీలు కావాలో యాప్ చూస్తుంది. మీరు తిన్నదానికీ దానికీ తేడా తీస్తుంది. ఆ తేడాని ఐదు వారాలకి హెచ్చిస్తుంది. సుమారు ఏడువేల ఏడువందల కేలరీలైతే ఒక కిలో. ఇందులో తప్పేముంది?"

"ఇవాళ వాన పడుతోంది కదా. రోజూ ఇలాగే పడితే ఐదు వారాల తర్వాత మీరు ఈ కిటికీలోంచి పడవెక్కాలి. కొనుక్కున్నారా పడవ?"

నేను కిటికీ వంక చూశాను. ఎందుకు చూశానో తెలీదు.

"బరువు తగ్గేకొద్దీ ఒంటి ఖర్చు కూడా తగ్గుతుంది. మీ లెక్కలో అది ఉందా? ఒంట్లో నీరు ఒక్కరోజులో కిలో అటూ ఇటూ అవుతుంది. అది ఉందా? తిన్నదంతా జనం నిజంగా రాస్తారనే నమ్మకం మాత్రం దండిగా ఉంది!"

ఇంతలో లోపలి గదిలోంచి మా బాస్ కళ్ళజోడు తుడుచుకుంటూ వచ్చాడు. "ఏమ్మా, వచ్చీ రాగానే మావాణ్ణి ఉతికి ఆరేస్తున్నావా?"

"ఆరేయడానికి ఎండ ఏది బాబాయ్?"

బాబాయా! అంటే ఈ పిల్ల మా బాస్‌కి స్వయానా అన్నగారి కూతురు.

బాస్ తగువులు తీర్చే పద్ధతి ఒకటుంది. ఎవరి వైపూ మాట్లాడడు, ఇద్దరికీ పని చెబుతాడు. "ఐదు వారాలు ఇద్దరూ తిన్నది తిన్నట్టు రాయండి. రోజూ పొద్దున్నే బరువు చూసుకోండి. చివర్లో లెక్క కుదిరితే వాక్యం ఉంటుంది. కుదరకపోతే తీసేద్దాం."

బరువు ఏ ఒక్కరోజుదీ కాకుండా వారం సగటు తీయాలని ఆమె షరతు పెట్టింది. మధ్యాహ్నం తిండీ సాయంత్రం తిండీ ఇద్దరికీ ఒకటే ఉండాలని నేను పెట్టాను. టైలరు షాపు పక్క బేకరీ నుంచి ఒక పెద్ద సాండ్‌విచ్, సాయంత్రం ఒక కేకు ముక్క. సరిగ్గా సగానికి కోసి, ఇద్దరి పేరా సగం సగం రాయడం. కోసేది ఆమె, రాసేది నేను.

అలా ఆమె రోజూ పొద్దున హాస్పిటల్‌కి వెళ్తూ బరువు చూసుకోవడానికి ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి మా మెట్లెక్కేది. చెప్పుల చప్పుడుకే నాకు ఆకలేసేది.

"జోస్యులుగారూ, ఇవాళ నా భవిష్యత్తేమిటి?" అని బల్ల మీదికి వంగేది.

"ఐదు వారాల తర్వాత యాభై ఆరు కిలోలండీ."

"అంతేనా? పెళ్ళీ గిళ్ళీ ఏమీ కనపడట్లేదా?"

"దానికి వేరే యాప్ కావాలండీ."

ఆ జవాబిచ్చినందుకు వారమంతా నన్ను నేను తిట్టుకున్నాను.

ఒక సాయంత్రం వాన జోరుగా పట్టుకుంది. కరెంటు పోయి కింద మిషన్లు ఆగిపోయాయి. ఆమె కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, ఆ తడి చేత్తోనే కేకు అందించింది. "తినండి. అలా చూస్తే కేలరీలు కరగవు," అంది. నేను చూస్తున్నది కేకుని కాదని ఆమెకి తెలుసు. తెలుసని నాకూ తెలుసు. అయినా ఇద్దరం కేకు గురించే మాట్లాడుకున్నాం. అంత తీపి కబుర్లు మళ్ళీ ఎప్పుడు చెప్పుకున్నామో గుర్తులేదు.

నా బెంగల్లా ఒక్కటే. పరీక్ష అయిపోతే ఆమెకి మా మేడ మీద పనేముంది? ఈలోగా చెప్పాలి. సాండ్‌విచ్ మొదలుపెట్టేటప్పుడు ఇవాళే చెప్పేస్తాననుకునేవాణ్ణి. చేతులు కడుక్కునేటప్పుడు రేపు చూద్దాంలే అనుకునేవాణ్ణి.

ఆ రేపులన్నీ అయిపోయాయి.

ఆఖరి సాయంత్రం బాస్ సగటులు తీసి చదివాడు. ఐదు వారాలు రాసినదంతా కూడి యాప్ చెప్పినదానికంటే నేను ఒక కిలో ఎక్కువున్నాను. ఆమె ఒక కిలో తక్కువుంది.

"ఒక్కరికీ కుదరలేదు. వాక్యం తీసేయ్ బాబూ. పరీక్ష అయిపోయింది," అని ఆయన లోపలికి వెళ్ళిపోయాడు.

ఆమె మొహం పాలిపోయింది. గెలిచిన మనిషి మొహం అలా ఎందుకుందో ఆలోచించే ఓపిక నాకు లేదు. పోతున్నది వాక్యమని కాదు నా బాధ. రేపటినుంచి ఆమె రాదని. కానీ నోట్లోంచి వచ్చింది వేరు.

"నన్ను ఓడించడానికి ఇంట్లో పస్తులున్నారా?"

"నేనా? నువ్వే ఇంట్లో దొంగతిండి తిని ఉంటావ్!"

"ఒట్టు, రాయకుండా ఒక్క ముద్ద తినలేదు!"

"అంటే నేను మోసం చేశానంటావ్. చాలా థాంక్స్."

గొడుగు కూడా తీసుకోకుండా మెట్లు దిగిపోయింది. అంత గొడవలోనూ నాకు ఒకటి వినపడింది. 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది.

కుర్చీలో కూలబడి ఆ అంకెల వంకే చూస్తూ కూర్చున్నాను. నేను రాయనిది తినలేదు. ఆమె అబద్ధం చెప్పే మనిషి కాదు. మరి నాకు పెరిగిన కిలో ఎక్కడిది? ఆమెకి తగ్గిన కిలో ఎక్కడికి పోయింది? మా ఇద్దరి బరువులూ కలిపాను. యాప్ చెప్పిన రెండు బరువులూ కలిపాను.

రెండు మొత్తాలూ ఒక్కటే!

గొడుగు పట్టుకుని పరిగెత్తాను. వేసుకోవాలని తోచలేదు. బస్‌స్టాపు రేకు కింద ఆమె చేతులు కట్టుకుని నిలబడి ఉంది.

"ఎందుకొచ్చావ్? ఇంకేమైనా నింద మిగిలిపోయిందా?"

"రోజూ నాకు పెద్ద ముక్క పెట్టావా?"

ఆమె బస్సొచ్చే వైపు చూసింది. బస్సు జాడ లేదు.

"చాలా పెద్దదే పెట్టాను. కళ్ళ ముందే కోశాను కదా, చూసుకోలేదా?"

"ముక్క వంక ఎవరు చూశారు?"

నవ్వు ఆపుకోవడానికి పెదవి కొరుక్కుంది.

"డైటీషియన్‌వి, పరీక్ష పాడవుతుందని తెలీదా?"

"ఎందుకు తెలీదు? మొదట్లో, పాపం ఆకలి మీదున్నాడని పెట్టాను. తర్వాత..." కారుతున్న జడ పిండుకుంది. "తర్వాత, పాడైతే బాబాయ్ మళ్ళీ మొదట్నుంచీ చేయమంటాడనుకున్నా. ఇంకో ఐదు వారాలు రావచ్చు కదా అని. ఆయనేమో అయిపోయిందన్నాడు. నువ్వేమో నన్ను మోసగత్తెని చేశావ్."

వాన రేకు మీద దబదబా కొడుతోంది. ఇంక రేపు అనుకోవడానికి రేపు లేదు.

"నువ్వంటే నాకు చాలా ఇష్టం. పరీక్ష ఉన్నా లేకపోయినా రోజూ నీతోనే తినాలని ఉంది. చెప్పడానికి ఇన్నాళ్ళు భయపడ్డాను."

"హమ్మయ్య," అంది. అంతే అంది. కళ్ళు తుడుచుకుని నా చేతిలో గొడుగు లాక్కుని విప్పింది. బస్సు వచ్చింది, కాసేపు ఆగింది, మేం కదలకపోయేసరికి వెళ్ళిపోయింది.

"పద, బాబాయ్‌కి నువ్వే చెప్పాలి. నాకు భయం."

"నాకు లేదా? ఆయన నా బాస్!"

ఇద్దరం తడి బట్టలతో ఆయన ముందు నిలబడ్డాం. నేను నత్తి నత్తిగా ముందు లెక్క చెప్పాను, తర్వాత మిగతాది చెప్పాను. పనిలోపని, యాప్ ఒక్కరోజు తిండి చూసి ఇక జోస్యం చెప్పకూడదని, మరీ తక్కువ తిన్నవాళ్ళకి బరువు మాట ఎత్తకుండా సరిగ్గా తినమని మాత్రమే చెప్పాలని కూడా ఒప్పుకున్నాను. యాప్ ఆ తర్వాత అలాగే మారింది. ఆమె తల వంచుకుని గొడుగు మడత సర్దుతూనే ఉంది.

బాబాయ్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఆయన పోయి ఇన్నేళ్ళయినా, ఆ అద్దాలు తుడిచిన తీరు ఇప్పటికీ గుర్తే. తర్వాత ఫోన్ తీసి వాళ్ళన్నయ్యకి కలిపాడు. సంగతంతా చెప్పాడు. అవతల పెద్దాయన, కుర్రాడు ఏపాటివాడని అడిగినట్టున్నారు.

"లెక్కలు చేస్తాడన్నయ్యా," అన్నాడు బాబాయ్ మా ఇద్దరి వంకా చూస్తూ. "ఒక్కడే చేస్తే తప్పుతాయి. మన పిల్లని కలిపితే సరిపోతున్నాయి."