ఓనరు కోరిక మీదే

నవ్వాడు. పేజీ తెల్లబడిపోయిన క్షణంలో తమ్ముడు నవ్వాడు, అందులో అనుమానం లేదు, ఆమె కళ్ళారా చూసింది. కాకపోతే ఆ నవ్వు ఎంతసేపు ఉందన్నదే నిన్నటి నుంచి ఒక్కోసారి ఒక్కోలా గుర్తొస్తోంది. మొదట రెప్పపాటు. రాత్రికి అది పెదవి చివర నిలిచిపోయిన నవ్వయింది. ఇవాళ పళ్ళు తోముకుంటుంటే అందులో ఎకసెక్కం కూడా కనిపించింది. చూసిన దాన్ని మనసు ఇంతలా దిద్దుకుంటుందా? లేక చూసేటప్పుడే తనకు కావలసింది చూసిందా?

"కూర్చోండమ్మా. కుర్చీ గట్టిదే," అన్నారెవరో.

అంతవరకూ నిలబడే ఉన్నానని ఆమెకి అప్పుడు తెలిసింది. తాళాలు బాగుచేసే దుకాణం పైన చిన్న గది. మాట్లాడినాయన బట్టతల మనిషి, ఒకప్పుడు కోర్టులో షార్ట్‌హ్యాండ్ రాసేవాడట, ఇప్పుడు డిటెక్టివ్‌కి సహాయకుడు. బల్లకి అవతల డిటెక్టివ్. అరవై దాటిన మనిషి. ముప్ఫై ఏళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో సూపర్‌వైజరు. కళ్ళకన్నా చెవులతో ఎక్కువ చూస్తుందని మెట్లెక్కి వస్తుండగానే సహాయకుడు గర్వంగా చెప్పాడు.

"ఏం పోయింది?" అని అడిగిందావిడ. ఏం జరిగింది అని కాదు.

"ఒక సైటండీ. ఆటల వెబ్‌సైటు. బొమ్మలు నేను గీశాను, ప్రోగ్రాము తమ్ముడు రాశాడు, ఆడేవాళ్ళ ఉత్తరాలు మా మరదలు చూస్తుంది. ఏడాదిన్నర పని. నిన్న సోమవారం పదింటికి తెరిచాం. పదీ ఏడుకి తెల్ల పేజీ."

"ఎవరు చెరిపారు?"

"హోస్టింగ్ కంపెనీవాళ్ళే మూసేశారు."

సహాయకుడి పెన్ను ఆగింది. "హోస్టింగ్ అంటే ఏమిటమ్మా?"

"సైటు ఉండటానికి అద్దెకు తీసుకునే చోటు. మన ఆటలు వాళ్ళ యంత్రాల్లో ఉంటాయి. ఎవరు ఆడదామన్నా అక్కణ్ణుంచే వస్తాయి."

"అంటే అద్దెకొంప."

"అనుకోండి. ఆ కొంప ఎక్కడన్నదాని మీదే నెల్లాళ్ళు కొట్టుకున్నాం. వాడేమో పెద్ద కంపెనీ అన్నాడు, ప్రపంచమంతా యంత్రాలున్నాయి, ఎంతమంది వచ్చినా ఆగదన్నాడు. నేను చిన్న కంపెనీ అన్నాను. అక్కడ ఫోన్ చేస్తే మనిషి ఎత్తుతారు. రెండు చోట్లా ఒక నెల ఉచితంగా పెట్టి చూశాం. మనిషికి ఒక్కసారే ఇస్తారు ఆ నెల. చివరికి నేను చెప్పిందే ఖాయం చేశాను."

"రెండోచోట ఉన్నది?"

"తీయించేశాను. అది అక్కడ ఉన్నంతకాలం వాడు ఒప్పుకున్నట్టు కాదనిపించింది."

తమ్ముడి కంప్యూటర్లో మిగిలినవి పాత ముక్కలు. ఆఖరి నెల పనీ, ముందుగా పేర్లిచ్చిన పదకొండు వేలమంది వివరాలూ ఆ చిన్న కంపెనీ దగ్గరే ఉన్నాయి. ఫోన్ చేస్తే ఒకటే మాట: ఓనరు కోరిక మీదే మూసేశాం. మూడు రోజులు ఉంచుతాం, గురువారం పదింటికి తుడిచేస్తాం. ఓనరు తన నంబరు నుంచి అడిగితే తిరిగి తెరుస్తాం.

"నేనే ఓనర్నన్నాను. రికార్డులో ఉన్న నంబరు ఇది కాదన్నారు. అంటే నా నంబరు ఎవరో మార్చేశారు. ఆ పని చేతనైనవాడు మా ఇంట్లో ఒక్కడే."

"మీకు కావలసింది సైటా, మనిషా?"

ఈ ప్రశ్నకి ఆమె సిద్ధంగా లేదు. సైటని చెప్పబోయిన నోరు వేరే మాటన్నది.

"నేను వాణ్ణి దొంగన్నాను. వాడి భార్య ముందే. శుక్రవారం వేరే ఊళ్ళో ఉద్యోగానికి వెళ్ళిపోతానంటున్నాడు. వాడేనా, కాదా? అది చెప్పండి చాలు."

బుధవారం పొద్దున డిటెక్టివ్ ఇంటికి వచ్చింది. సైటు పనంతా జరిగేది ముందుగదిలోనే. మూడు కంప్యూటర్లు, ఒక తెల్లబోర్డు. బోర్డు మీద రెండు కంపెనీల పేర్లు, వేగానికి ఇన్ని మార్కులు, భద్రతకి ఇన్ని మార్కులు, పరీక్ష మొదలైన తేదీ, కింద మూలన పాస్‌వర్డు. తేదీ దగ్గర డిటెక్టివ్ కాసేపు నిలబడింది.

ముందు తమ్ముణ్ణి పిలిచింది. "మీరు నవ్వారట."

"నవ్వాను. మా నాన్నని అంబులెన్స్ ఎక్కిస్తుంటే కూడా నవ్వాను. భయమేస్తే నాకు వచ్చేది అదే. చెంప పగిలింది అప్పుడు. కొట్టింది అక్కే. అదైనా గుర్తుంటుందనుకున్నా."

గుమ్మం దగ్గరున్న ఆమెకి గుర్తు లేదు.

"పాస్‌వర్డు ఎవరెవరికి తెలుసు?"

"బోర్డు చూసినవాళ్ళందరికీ. మా అక్కకి రహస్యాలు దాచడం రాదండీ. నిర్ణయాలు మాత్రం బాగా దాస్తుంది."

"పాస్‌వర్డు ఉంటే ఓనరు నంబరు మార్చేయొచ్చా?"

"కుదరదు. పాత నంబరుకి వాళ్ళే ఫోన్ చేస్తారు. మనిషి గొంతుతో అవునంటేనే. మూసేయాలన్నా అంతే. అక్క ఆ కంపెనీని నెత్తిన పెట్టుకున్నదే అందుకు."

తర్వాత మరదలు. మాటల పుట్ట. "పోయిన చలికాలంలోనే సగం సైటుతో వదిన ఆ చిన్న కంపెనీలో నెల్లాళ్ళు పెట్టి చూసిందండీ. అప్పట్నుంచీ ఆ కంపెనీ అంటే ప్రాణం. సోమవారం అందరం ఇక్కడే ఉన్నాం. తెరవగానే నేను కృతజ్ఞతల పేజీ పైకి చదువుతున్నా. మా ముగ్గురి పేర్లూ, మా పిల్లి పేరూ. అది కీబోర్డు మీద పడుకునేది లెండి. అన్నయ్యగారు, అదే మా వదిన భర్త, వంటగదిలో కాఫీ పెడుతున్నారు. పాలు పొంగి మాడు వాసనొచ్చింది. ఇన్నాళ్ళకి దొరికారు, ఏడిపిద్దామనుకునే లోపలే తెల్ల పేజీ."

"ఇన్నాళ్ళకి అంటే?"

"ఆయన పొయ్యి దగ్గర నిలబడితే గడియారం కూడా సిగ్గుపడాలండీ. పాలు పొంగించడం నేను చూడలేదు."

ఆఖర్న ఆమె భర్త వచ్చాడు. లైబ్రరీలో పని, మెత్తటి మనిషి, ఎప్పుడూ ఏదో ఒక పుస్తకానికి అట్ట వేస్తూ కనిపిస్తాడు. ఆయన్ని అడగడం ఆమెకి అనవసరం అనిపించింది. "ఆయనకీ దీనికీ సంబంధం లేదండీ," అంది కూడా.

డిటెక్టివ్ ఆ మాట విననట్టే ఉంది. "సైటు ఎక్కడ పెట్టాలని మిమ్మల్ని అడిగితే ఏం చెప్పేవారు?"

భర్త ముఖం ఎత్తాడు. జవాబు కోసం వెతుక్కుంటున్నాడని ఆమె అనుకుంది.

"చిన్న కంపెనీయే. కాకపోతే సాయంత్రం ఏడు తర్వాత వాళ్ళకి రద్దీ ఎక్కువ. పదాల ఆటకి పెద్ద చోటు అక్కర్లేదు, ఇద్దరు ఎదురెదురుగా ఆడేవాటికే కావాలి. ఫోన్లో ఆ అమ్మాయి కూడా మంచిది. ఎన్నిసార్లడిగినా విసుక్కోదు." అంతటితో ఆగిపోయి కళ్ళజోడు సర్దుకున్నాడు. "మీకు కాఫీ తెస్తాను."

సహాయకుడు పుస్తకంలో ఏదో రాసి, కింద గీత గీశాడు.

మధ్యాహ్నం మూడింటికి అందరినీ ముందుగదిలో కూర్చోబెట్టింది డిటెక్టివ్. సహాయకుడు తలుపు దగ్గర, సినిమా మొదటి ఆటకి వచ్చిన ప్రేక్షకుడిలా ఉన్నాడు.

"ఎక్స్ఛేంజిలో ఒకటి నేర్చుకున్నాను. ఎవరు మాట్లాడారో తేలాలంటే ముందు ఫోన్ ఎవరిదో చూడాలి," అంది ఆవిడ. "ఇక్కడ అందరూ పాస్‌వర్డు చుట్టూ తిరిగారు. పాస్‌వర్డుతో ఆ కంపెనీలో ఏదీ మూయడం కుదరదు. ఓనరు తన ఫోన్లో, తన గొంతుతో చెప్పాలి. వాళ్ళు అబద్ధం చెప్పలేదు. ఓనరే చెప్పారు."

"నేను చెప్పలేదు," అందామె.

"మీరు ఓనరు కాదు కాబట్టి. మీ నంబరు ఎవరూ మార్చలేదమ్మా. ఈసారి ఆ రికార్డులో మీ నంబరు ఎక్కనే లేదు."

"ఈ చేతుల్తో నేనే తెరిచానండీ ఆ అకౌంటు."

"తెరిచారు. మనిషికి ఒక్కసారే ఇస్తారన్న ఉచిత నెల, మీ పేరు మీద, పోయిన చలికాలంలో అయిపోయింది. మరి రెండోసారి ఎవరి పేరిచ్చారు?"

ఆమెకి ఒక సాయంత్రం గుర్తొచ్చింది. భర్త సోఫాలో చదువుకుంటున్నాడు. స్క్రీన్ మీంచి కళ్ళు తిప్పకుండా చెయ్యి చాచి, 'మీ ఫోను ఒకసారి' అంది. ఆయన ఇచ్చాడు. ఎందుకని అడగలేదు. ఆయన పేరూ నంబరూ ఇచ్చి, ఫోన్లో వచ్చిన అంకెలు కొట్టింది, ఫోన్ తిరిగి ఇచ్చేసింది. రెండు నిమిషాలు. చెంచా అందుకున్నట్టు ఒక మనిషి పేరు అందుకుంది, వాడుకుంది, మరిచిపోయింది. మరుక్షణం నుంచీ ఆమె మనసులో అది 'నా అకౌంటు'.

"బోర్డు మీది తేదీ నుంచి సోమవారానికి సరిగ్గా నెల," అంటోంది డిటెక్టివ్. "గడువు అయ్యేరోజు కంపెనీవాళ్ళు ఓనరుకి ఫోన్ చేస్తారు. పొద్దున పదింటికి ఈ గదిలో లేనివారు ఒక్కరు. పాలు పొంగిపోయేంతగా ఫోన్లో మునిగినవారూ ఆ ఒక్కరే. సంబంధం లేదని మీరన్న మనిషికి ఆ అమ్మాయి విసుక్కోదని తెలుసు, ఏడింటి రద్దీ తెలుసు."

ఎవరూ భర్త వైపు తిరగలేదు. ఆయనే కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు.

"మొదటిసారి రాంగ్ నంబరనుకున్నాను. 'సార్, మీ సైటు ఎలా నడుస్తోంది' అంది ఆ కంపెనీ అమ్మాయి. బాగానే ఉందన్నాను. వారానికి రెండుసార్లు చేసేది. ఎంతమంది వస్తారు, ఏ ఆటకి ఎంత చోటు కావాలి, అన్నీ నన్నే అడిగేది. మీ మాటలు విని చీటీ మీద రాసుకుని చెప్పేవాణ్ణి. తెరవడం సాయంత్రం వద్దు, పొద్దున పెట్టమన్నది ఆ అమ్మాయే. నీకు చెప్పాను." ఇప్పుడు భార్యని చూశాడు. "రెండ్రోజులకి అది నీ ఆలోచనయింది."

"అకౌంటు మీ పేరుతో ఉందని ఒక్కమాట అనలేదే?"

"అంటే మార్పించేసేదానివి."

నిజమే. అదే రోజు మార్పించేసేది.

"సోమవారం పాలు పెట్టాను. ఇక్కడ పేర్లు చదువుతున్నారు. పిల్లి దాకా వచ్చి అయిపోయింది, నా పేరు రాలేదు. అప్పుడే ఫోను. 'సార్, నెల అయింది, కొనసాగించమంటారా, మూసేయమంటారా?' మూసేయమన్నాను. 'నిజంగానా సార్' అంది. రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ అదే చెప్పాను."

"తెలిసే చెప్పారా?" ఆమె గొంతు ఆమెకే దూరంగా వినిపించింది.

"తెలిసే."

మరదలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. తమ్ముడు నవ్వాడు. ఆమె ఈసారి సరిగ్గా చూసింది. పెదాలు మాత్రమే కదిలాయి, ముఖంలో నెత్తురు చుక్క లేదు, చేతులు మోకాళ్ళని పట్టుకుని ఉన్నాయి. ముప్ఫై ఏళ్ళుగా ఎదురుగా ఉన్న ముఖం.

"ఈసారి కొట్టనులే," అంది. "నిన్ను అనకూడని మాటన్నాను రా."

"అన్నావు," అన్నాడు తమ్ముడు. మోకాళ్ళ మీంచి చేతులు తీసి, "శుక్రవారం సంగతి శుక్రవారం చూద్దాం అక్కా," అన్నాడు.

ఆమె భర్త వైపు తిరిగింది. కోపం కోసం లోపల వెతికింది. అది ఉండవలసిన చోట నేల లేదు. పదకొండేళ్ళు పక్కన పడుకున్న మనిషిలో ఒక గది ఉంది. ఆ గదిలో ఒక నెలపాటు ఆయన్ని ఎవరో సార్ అన్నారు, మీరేమంటారని అడిగారు. ఆ గది తాళం ఆమే తెచ్చిచ్చింది, చూడకుండా. అందులోంచి ఆయన అందరి ఏడాదిన్నరనీ రెండు మాటల్లో ఆర్పేశాడు. ఈ రెండింటిలో ఏది ఎక్కువ భయపెడుతోందో తేల్చుకోలేకపోయింది.

డిటెక్టివ్ లేచింది. "నన్నడిగింది మీ తమ్ముడేనా అని. కాదు. మిగతాది నా పని కాదు. రేపు పదింటి దాకా టైముంది. ఓనరు ఫోన్ చేయాలి."

సహాయకుడు వెనకాలే నడిచాడు. "పాల దగ్గరే నాకు తట్టి ఉండాల్సింది మేడమ్," అనడం మెట్ల మీంచి వినిపించింది. "తట్టింది కదయ్యా, గీత గీశావు," అన్న జవాబు కూడా.

భర్త ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు. "నిన్ననే చేద్దామనుకున్నాను. తెరవమంటే, ఇక ముందు ఎవరి పేరు మీద ఉంచాలి సార్ అని అడుగుతుంది. ఏం చెప్పాలో తెలియలేదు."

ముగ్గురూ ఆమెనే చూస్తున్నారు. జవాబు నాలుక మీదే ఉంది. ఆమె జవాబులు ఎప్పుడూ అక్కడే ఉంటాయి. నా పేరు మీద. చెప్పడానికి ఒక్క క్షణం చాలు, న్యాయం కూడా తన వైపే ఉంది. ఆయన వద్దంటే రేపు పదింటికి ఏమీ మిగలదు. మళ్ళీ ఎందుకు వద్దనడు? ఒకసారి అన్న మనిషే కదా.

"బయటికి పదండి," అంది తమ్ముడితో, మరదలితో.

వాళ్ళ వెనకే తనూ నడవాలోకి వచ్చింది. లోపల స్పీకర్లో ఫోన్ మోగుతున్న చప్పుడు, అంతలో "నమస్తే సార్, బాగున్నారా" అని ఒక ఆడపిల్ల గొంతు. "బాగున్నానమ్మా" అన్నాడు భర్త. ఆయనలో ఆ గొంతు ఆమె ఎన్నడూ వినలేదు. నిదానంగా, కొంచెం పెద్దరికంగా ఉంది.

"బావ ఏం చెబుతాడంటావక్కా?" అన్నాడు తమ్ముడు గుసగుసగా.

"తెలీదు."

తలుపు బెత్తెడు తెరిచే ఉంది. అక్కడే నిలబడితే ప్రతిమాటా వినిపిస్తుంది. ఆమె చెయ్యి చాచి తలుపు దగ్గరికి లాగి, చప్పుడు కాకుండా మూసింది.