నాలుగు వేల సరే ముద్రలు

2093 నాటికి చంద్రుడి మీద కుళాయి కారినా, లిఫ్టు మొరాయించినా ఎవరూ కంగారుపడటం మానేశారు. గోడలోని కోడ్ సహాయకుడికి ఓ మాట చెబితే చాలు, అది సమాధానాల భాండాగారమంతా గాలించి, ఎక్కువ 'సరే' ముద్రలున్న ప్రోగ్రాం ఏదో తెచ్చి అతికించేది. చేతిలో టీ చల్లారేలోగా పనైపోయేది. ఆ ముద్రలు వేసేది మాత్రం మనుషులే. ఏటా తనిఖీ రోజున ఊరూరా ఇంజనీర్లు వేస్తారు. ఎలా వేస్తారంటారా? పైన పెద్దవాళ్ళ ముద్ర ఉందో లేదో చూసి వేస్తారు. పెద్దాయన చూసినదాన్ని మళ్ళీ చూడటమంటే ఆయన్ని అనుమానించినట్టేగా! అంత మర్యాదస్తులు మరి.

ఈ మర్యాద చూస్తే చంద్రగుహ అనే ఊరి ఇంజనీరు వకుళకు ఒళ్ళు మండిపోయేది. ఆ మంటతోనే ఆరేళ్ళు కూర్చుని శోధినిని తయారుచేసింది. అదీ కోడ్ రాసే సహాయకురాలే, కానీ ఎవరి మాటా నమ్మదు. సమాధానం ఎక్కడ పుట్టిందో తవ్వుతుంది. దాన్ని నిజమైన యంత్రం మీద నడిపి, కళ్ళారా చూశాకే ఇస్తుంది. పాలక సభ ఒప్పుకుంటే అన్ని ఊళ్ళకూ శోధినినే పెడతారు.

ఆ సభకు ముందు రోజు పన్నెండింటికి తోట గది తలుపు బిగుసుకుపోయింది. గాలి పంపు కూడా అదే ప్రోగ్రాం మీద నడుస్తుంది కాబట్టి అదీ ఆగింది. లోపల ముప్ఫై ఒక్క మంది ఉన్నారు. వాళ్ళలో వకుళ అక్క నీలవేణి ఒకతె. గంటన్నరకు సరిపడా గాలి ఉంది.

డైరెక్టరు ఛాయాపతి గారు రొప్పుతూ వచ్చారు. "సమాధానం భాండాగారంలో సిద్ధంగా ఉందటగా! నాలుగు వేల పదహారు ముద్రలు! ఇంకా చూస్తావేంటమ్మా, వేసెయ్!"

"శోధిని ఒప్పుకోవడం లేదు సర్."

"అది ఒప్పుకునేదేంటి, నా తలకాయ!"

"నాలుగు వేల పదహారు మంది సరే అన్నారు," అంది శోధిని నింపాదిగా. "ఒక్కరు నడిపిన దాఖలా కూడా లేదు. పాత గిడ్డంగిలో లోపలికొకటి, బయటికొకటి తెరుచుకునే ఇలాంటి జంటతలుపే ఉంది. దాని మీద నడిపి చూస్తాను. దాన్ని సిద్ధం చేయడంతో కలిపి నలభై నిమిషాలు పడుతుంది."

ఛాయాపతి గారు తల పట్టుకున్నారు. వకుళకు కాలు నిలవడం లేదు. చంద్రుడి మీద కాలుగాలిన పిల్లిలా తిరగడానికైనా లేదు, కాస్త గట్టిగా అడుగేస్తే తల వెళ్ళి కప్పుకు కొట్టుకుంటుంది. అప్పటికే రెండుసార్లు కొట్టుకుంది.

రేడియోలో నీలవేణి గొంతు వినిపించింది. "ఏమేవ్ వకుళా, తల దిమ్మెక్కుతోందే. టమాటా మడుల మధ్య కూలబడ్డాం అందరం. ఏదో ఉపాయం ఉందన్నారటగా, వెయ్యరేం?"

"ఒక్క అరగంటే అక్కా. మాట్లాడకు, గాలి మిగుల్చుకో."

అంది గానీ, వేలు మీట దగ్గరే ఉంది. అది నొక్కితే శోధినిని తోసిరాజని ఆ ముద్రల ప్రోగ్రాం నడిచేస్తుంది. ఇంతమంది సరే అన్నారే, అందరూ వెధవాయిలేనా? అక్కకేమన్నా అయితే తను తయారుచేసిన ఈ అనుమానపు పీనుగే చంపినట్టు కాదూ? వకుళ కళ్ళు మూసుకుని ఆ వేలిని రెండో చేత్తో పట్టుకుని కూర్చుంది.

ముప్ఫై ఎనిమిదో నిమిషాన శోధిని చెప్పింది. "నడిపాను. లోపలి తలుపుతోపాటు బయటి తలుపూ తెరుచుకుంది."

బయట ఉన్నది శూన్యం. అందులో గాలి ఉండదు. ఛాయాపతి గారు కుర్చీలో కూలబడ్డారు.

శోధిని కొత్త ప్రోగ్రాం రాసింది. గిడ్డంగి తలుపు ఈసారి సిద్ధంగానే ఉంది కాబట్టి నిమిషాల్లో మూడుసార్లు నడిపి చూసి, అప్పుడు తోట గదికి పంపింది. తలుపు తెరుచుకుంది. నీలవేణి తూలుతూ వచ్చి చెల్లెల్ని వాటేసుకుంది. "నీ కడుపు చల్లగుండ! నీ మిషనే లేకపోతే ఏమైపోదుమే!" అని భోరుమంది. వకుళకూ ఏడుపాగలేదు.

అందర్నీ ఆస్పత్రికి పంపాక శోధిని వకుళను పిలిచింది. "మిగతా ఊళ్ళకు హెచ్చరిక పంపేశాను. ఆ ముద్రల ప్రోగ్రాంలో లోపం ఎలా దాటిపోయిందో కారణం రాయడమే మిగిలింది. దాని మీద తొమ్మిదేళ్ళ నాటి మొదటి ముద్ర మీది. రెండోది ఛాయాపతి గారిది. మీరెలా పరీక్షించారు?"

వకుళ మొహం పాలిపోయింది. అది ఆమె ఉద్యోగంలో చేరిన వారం. "నా తర్వాత మీరెలాగూ చూస్తారు కదా అని వేసేశాను సర్," అంది ఛాయాపతి గారి వైపు తిరిగి.

"ఓరి దేవుడా!" అన్నారు ఛాయాపతి గారు. "కొత్త పిల్ల, చురుకైంది, చూడకుండా వేస్తుందా అని నేను వేశానమ్మా!"

ఆయనే మళ్ళీ గొంతు తగ్గించి, "సాంకేతిక లోపం అని రాయించెయ్. రేపు సభలో శోధిని గురించి చెప్పాల్సింది నేనే. ఇప్పుడు మన పేర్లెందుకు?" అన్నారు.

"ఆ మాట కూడా చూశాను," అంది శోధిని. "నిజం కాదు."

వకుళకు సిగ్గుతో చచ్చిపోయినంత పనైంది. అంతకన్నా ఎక్కువగా భయమేసింది. ఆస్పత్రిలో ముప్ఫై ఒక్క మంది తన పేరే తలుచుకుంటున్నారు.

"శోధినీ, ఈ ఒక్క వాక్యం పరీక్షించకు. నేను చెబుతున్నాగా. నా మాట మీద రాసెయ్."

"సరే," అంది శోధిని. తెర మీద అక్షరాలు వచ్చాయి. కారణం: సాంకేతిక లోపం. వకుళ గారు చెప్పారు. నేను చూడలేదు.

"ఆ చివరి రెండు ముక్కలూ తీసెయ్."

"తీసేస్తాను. మీరు తీసేయమన్నారని రాయాలి మరి. రాయనా?"

ఛాయాపతి గారు లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి, వెనక్కి వచ్చి, మళ్ళీ వెళ్ళారు.

"అమ్మాయ్," అన్నారు చివరికి, "రేపే సభ ముందు పెట్టాలనేముంది? దీన్ని ఇంకొన్నాళ్ళు నీ దగ్గరే ఉంచుకుని కాస్త మెరుగుపరచరాదూ?"

అక్క ప్రాణం నిలబెట్టిన యంత్రం వైపు వకుళ ఒకసారి చూసింది.

"అలాగే సర్," అంది.