అక్క మోసిన ఆట

ఫైనల్ రోజు పొద్దున చారుమతి పాదం వాచిపోయి బూటులో పట్టలేదు. టీము డాక్టరు బూటు మడమ దగ్గర కత్తిరించి, పాదాన్ని లోపలికి కుక్కి, పైన కట్టుగుడ్డ చుట్టి బిగించాడు. చీలమండ లోపల ఎముక కరకరమన్న చప్పుడు గదిలో అందరికీ వినబడింది. చారుమతి మాత్రం మంచం మీద కూర్చుని ఇడ్లీ తింటూ, పల్లీ చట్నీలో ఉప్పు తక్కువైందని హాస్టల్ వంటవాళ్ళను తిట్టుకుంటోంది. కింద అంతస్తులో ఎవరో కేక పెట్టారు. అది తన అక్క నీలవేణి గొంతని చారుమతికి తెలుసు. కిటికీ తలుపు వెయ్యమని పక్కనున్న అమ్మాయికి సైగ చేసి, ఇంకో ఇడ్లీ తుంచింది.

నాడీసేతువు వచ్చి ముప్పయ్యేళ్ళు దాటింది. పుస్తకాల్లోనే ఆ పేరు, జనం నోట్లో అది మోత పట్టీ. మణికట్టుకు గాజులా బిగించే పట్టీలు రెండు ఉంటాయి. ఒకటి కట్టుకున్నవాళ్ళ నొప్పీ అలుపూ రెండోది కట్టుకున్నవాళ్ళ ఒంట్లోకి పోతాయి. పుట్టడం మంచి పనికే పుట్టింది. ఆపరేషను బల్ల మీదున్న బిడ్డ నొప్పిని తల్లి కాసేపు తీసుకోవడానికి దాన్ని తయారుచేశారు. కాసేపే వాడుకోండి అని చెప్పి ఇస్తే మనిషి వింటాడా? ఇప్పుడు పళ్ళ డాక్టరు కుర్చీలో మనవడు నోరు తెరుచుకుని పాటలు వింటుంటే, బయట వరండాలో తాత దవడ పట్టుకుని దొర్లుతున్నాడు. లోపల అక్క నవ్వుతూ బిడ్డను కంటుంటే, పక్కగదిలో పెళ్ళికాని చెల్లెలు నడుము విరిగిపోతోందని అరుస్తోంది. రక్తసంబంధం ఉంటేనే నాడులు కలుస్తాయి కనుక, పెళ్ళిచూపుల్లో అబ్బాయి చదువు కంటే ముందు అతనికి ఎంతమంది తమ్ముళ్ళున్నారో అడుగుతున్నారు. ఎద్దు పుండు కాకికి నొప్పా అని పెద్దలు ఊరికే అనలేదు. ఈ కాలంలో కాకి పుండుని కూడా ఎద్దే మోస్తోంది.

ఆటల్లోకి మోత పట్టీ వచ్చాక, అలిసిపోయే క్రీడాకారులను చూడడానికి జనం టికెట్టు కొనడం మానేశారు. తూర్పుతీర కళాశాలల సమాఖ్యలో బాస్కెట్‌బాల్ ఆడే ప్రతి అమ్మాయికీ ఆమె నొప్పిని మోసే మనిషి, ఒక మోతరి ఉండాలి. ఏడాది పొడుగునా లీగు పోటీలు జరిగాక, పైనున్న ఎనిమిది జట్లకూ భీమిలిలో మూడు రోజుల టోర్నమెంటు పెడతారు. ఒక్కసారి ఓడితే ఇంటికే. గెలిచిన ఒక్క జట్టే జాతీయ పోటీలకు వెళుతుంది. చారుమతి కెప్టెనుగా ఉన్న గోస్తనీ కళాశాల ఆ ఏడాది లీగులో ఆరో స్థానంలో పడి ఉంది. చారుమతికి అదే చివరి సంవత్సరం. ఇది గెలవకపోతే ఆమె ఆట ఇక్కడితో సరి.

సమాఖ్య నియమం ఒకటుంది. టోర్నమెంటు మొదట్లో పేరు రాయించిన మోతరిని చివరిదాకా మార్చకూడదు, మూడు రోజులూ పట్టీ విప్పకూడదు. విప్పితే స్కోరు బోర్డు మీద ఆ క్రీడాకారిణి పేరు పక్కనున్న పచ్చదీపం ఆరిపోతుంది, ఆమె బయటికి నడవాల్సిందే. పూర్వం డబ్బున్న జట్లు ఆడేవాళ్ళ చుట్టాలందరినీ పోగేసి, గంటకో కొత్త మోతరిని మార్చి ఆడేవి. అది అన్యాయమని గోల చేసి మరీ ఈ నియమం తెచ్చారు. మోతరుల సంగతి ఆ గోలలో ఎవరికీ గుర్తు రాలేదు.

మొదటిరోజు ఆటలో బుట్ట కింద ఎగిరి దిగినప్పుడు చారుమతి చీలమండ కటుక్కుమంది. ఆమె కిందికి చూసి, పాదం కొంచెం పక్కకు తిరిగి ఉండడం గమనించి, సరిచేసుకుని మళ్ళీ పరుగెత్తింది. రెండో రోజు సెమీఫైనల్ కూడా ఆ కాలితోనే గెలిచింది. పేపర్లవాళ్ళు ఉక్కు కాలని రాశారు. ఉక్కు కాలు మోసిన నీలవేణి ఆ రెండు రాత్రులూ కన్ను మూయలేదు.

అక్కాచెల్లెళ్ళలో ఎవరు ఆడాలి, ఎవరు మోయాలి అన్నది వాళ్ళ అమ్మ సత్యవతి చాలా ఏళ్ళ కిందట తేల్చేసింది. నిజానికి వీధిలో బంతి మొదట పట్టుకున్నది నీలవేణే. పొడుగరి, బాగా ఎగిరేది. కానీ క్రీడా పాఠశాల వాళ్ళు ఇద్దరు పిల్లల చేతులూ వేడినీళ్ళలో పెట్టించి ఓర్పు పరీక్ష చెయ్యమన్నారు. చారుమతి చెయ్యి పెట్టీ పెట్టగానే తీసేసింది. ఎక్కువసేపు ఉంచినవాళ్ళకి బంతి ఇస్తారనుకుని నీలవేణి పళ్ళు బిగించి, చర్మం ఎర్రగా కందేదాకా అలాగే ఉంచింది. ఆ సాయంత్రమే ఆమె మణికట్టుకు మోసే పట్టీ కట్టారు. సత్యవతి ఆ కథను ఇప్పటికీ చుట్టాలకు ముచ్చటగా చెబుతుంది. ఫైనల్ రోజున కూడా గ్యాలరీలో ముందువరుసలో కూర్చుని, పక్కావిడకు అదే చెబుతోంది.

స్టేడియంలో గ్యాలరీ కింద మోతగది ఉంది. చప్పుడు బయటికి రాకుండా గోడలకు దళసరి పరుపులు కొట్టారు. వాలుకుర్చీల్లో మోతరులు పడుకుంటారు. నాలుక కొరుక్కోకుండా నోట్లో గుడ్డ, ముఖం మీద తడి తువ్వాలు. వాళ్ళ మధ్య తిరుగుతూ తువ్వాళ్ళు తడిపే పర్యవేక్షకురాలు సలోమి. ఆట చివరికొచ్చేసరికి మోతరులు సొమ్మసిల్లి కదలకుండా పడి ఉండడం మామూలే కనుక, కదలనివాళ్ళను లేపకూడదని ఆమెకు నేర్పారు.

ఫైనల్లో వంశధార కళాశాల గట్టి జట్టు. సగం ఆట అయ్యేసరికి గోస్తనీ ఆరు పాయింట్లు వెనకబడి ఉంది. విరామంలో కోచ్ బెనర్జీ అమ్మాయిలకు ఎత్తుగడ చెబుతుండగా సలోమి వచ్చి గుమ్మంలో నిలబడింది. నీలవేణి నోట్లో గుడ్డ తీసి పారేసి, తన ఎడమ రొమ్ము మీద ఎవరో బండ పెట్టినట్టుందని, అది భుజంలోకీ చేతిలోకీ పాకుతోందని చెప్పిందట. కాలి నొప్పి తనకు తెలుసట, ఇది అది కాదట, చారుమతి గుండెకు ఏదో ముంచుకొస్తోందట, ఆట ఆపించమని ఏడుస్తోందట.

బెనర్జీ డాక్టరును కేకేశాడు. డాక్టరు పరుగున వచ్చి చారుమతి ఛాతీ మీద పరికరం పెట్టి, అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. గుండె శుభ్రంగా ఉందన్నాడు. సలోమి, అయితే ఆ అమ్మాయిని కూడా ఒకసారి చూస్తారా అని అడిగింది.

"మోతరికి పరీక్ష ఏమిటమ్మా?" అన్నాడు డాక్టరు. "అక్కడ కనిపించేదంతా ఇక్కణ్ణించి పోయిందే కదా."

ఆయన తప్పు చెప్పలేదు, వైద్య కళాశాలలో ఆయనకు నేర్పిందే చెప్పాడు. మోతరి దేహంలో కనిపించే లక్షణాలన్నీ అరువు తెచ్చుకున్నవే అని పాఠ్యపుస్తకాల్లో ఉంది.

చారుమతికి ఒళ్ళు మండిపోయింది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, కుర్చీలో పడుకోవడం కూడా చేతకాక ఇప్పుడు గుండె పేరు చెబుతోందనుకుంది. ఎవరికీ చెప్పకుండా మెట్లు దిగి మోతగదిలోకి వెళ్ళింది. నీలవేణి లేచి కూర్చుని ఉంది. ముఖం బూడిదరంగులో ఉంది, నుదుటి నిండా చెమట. కుడిచేతి వేళ్ళు పట్టీ కొక్కెం మీద ఉన్నాయి.

"ఇప్పేస్తాను చారూ," అంది. "ఇలాగే ఆడితే నువ్వు చచ్చిపోతావు."

"డాక్టరు చూశాడు. నాకేటీ లేదు."

"మరి ఈ నొప్పెవరిది?"

"నీదే అయ్యుంటాది."

నీలవేణి ఆ మాటకు నిజంగా ఆలోచనలో పడింది. కాసేపు తన రొమ్ము వైపు, అది ఎవరిదో అన్నట్టు చూసుకుంది.

"నాదెలాగవుతాదే?" అంది చివరికి. "నాకెందుకొస్తాది నొప్పి? నేనేటి చేశాను, పొద్దున్నించీ కూకునే ఉన్నాను కదా."

చారుమతి వంగి, అక్క వేళ్ళను కొక్కెం మీంచి ఒక్కొక్కటే ఊడదీసింది. చిన్నప్పుడు నీకు బంతి ఇవ్వలేదని ఇన్నాళ్ళూ కడుపులో పెట్టుకున్నావని, సరిగ్గా ఈ రోజు కోసమే కాచుక్కూర్చున్నావని అంది. నీ బతుక్కి నిన్నెవరైనా పేరు పెట్టి పిలుస్తున్నారంటే అది నా మూలానే అంది. ఇంకా అనకూడనివి కూడా అంది. పక్క కుర్చీల్లో వాళ్ళు తువ్వాళ్ళ కింద నుంచి విన్నారు. నీలవేణి వాటిలో సగమైనా విన్నట్టు లేదు.

"నీకు నిజంగా ఏటీ లేదా?" అని మాత్రం అడిగింది.

"లేదు."

"అయితే పర్లేదులే."

ఆమె ముఖంలో కనిపించింది ఊరట. చెల్లెలికి గండం తప్పిందని తెలిశాక ఆ నొప్పిని గురించి అడగాల్సింది ఇంకేమీ లేదామెకు. గుడ్డ తనే నోట్లో పెట్టుకుని వెనక్కి వాలింది. చారుమతి కొక్కెం రెండుసార్లు నొక్కి చూసి, తువ్వాలు ముఖం మీదికి లాగి, పైకి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత ఆమె ఆడిన ఆట గురించి భీమిలిలో చాలాకాలం చెప్పుకున్నారు. కోపం ఆమెకు కలిసొచ్చింది. ఎక్కడి నుంచి విసిరినా బంతి బుట్టలో పడింది. ఆరు పాయింట్ల తేడా కరిగి, రెండు జట్లూ సమానమయ్యాయి.

చివరి నిమిషాల్లో ఆమెకు తెలియనిదేదో జరిగింది. కాళ్ళు బరువెక్కాయి. తడిసిన దుప్పటి ఎవరో ఒంటికి చుట్టినట్టు చేతులు పైకి లేవలేదు. ఊపిరి పీలిస్తే చాలడం లేదు. జ్వరమేమో అనుకుంది. అలుపు ఎలా ఉంటుందో చూసి చాలా ఏళ్ళయిన మనిషి, దాన్ని గుర్తుపట్టలేకపోయింది. ఆ వెంటనే వాచిన కుడి కాలు నేలకు ఆనింది. చీలమండలోంచి నొప్పి మోకాలు దాటి నడుముదాకా ఎగదన్నింది. చారుమతి కేక పెట్టి కోర్టు మీద పడిపోయింది.

కోర్టు మీద కేక వినిపించి ఇరవై ఏళ్ళయింది. చిన్నపిల్లలు భయపడి తల్లులను పట్టుకున్నారు. రిఫరీ స్కోరు బోర్డు వైపు చూశాడు. చారుమతి పేరు పక్కన దీపం పచ్చగానే వెలుగుతోంది. పట్టీ కొక్కెం మూసి ఉందా లేదా అన్నదొక్కటే ఆ దీపానికి తెలుసు. ఆమె ఆటలోనే ఉన్నట్టు లెక్క.

చారుమతికి సంగతి అర్థమైపోయింది, కనీసం ఆమె అలా అనుకుంది. మోతరులు చేసే దొంగపని ఒకటుంది. పట్టీ విప్పకుండా దాని కింద గుడ్డముక్క దూరుస్తారు. దీపం ఆరదు, మోతరికి నొప్పి రాదు. అక్క అదే చేసిందని, కావాలనే చివరి నిమిషం దాకా ఆగి చేసిందని ఆమె నిశ్చయించుకుంది. నేల మీద పడి ఏడుస్తూనే, కిందికి వెళ్ళాక దాన్ని ఏం చెయ్యాలో ఆలోచించింది.

పక్కనే ఉన్న వంశధార అమ్మాయి తోసి పడేసిందనుకుని రిఫరీ ఆమె మీద ఫౌలు ఇచ్చాడు. రెండు ఫ్రీ త్రోలు. తోటివాళ్ళు లేపి గీత దగ్గర నిలబెట్టారు. ఒంటికాలి మీద వణుకుతూ, పళ్ళ మధ్య అక్కను బూతులు తిడుతూ విసిరింది. రెండూ పడ్డాయి. గంట మోగింది. గోస్తనీ గెలిచింది.

గెలిచిన జట్టు కెప్టెను నిచ్చెన ఎక్కి బుట్ట వల కత్తిరించుకోవడం సమాఖ్యలో ఆచారం. చారుమతి నిచ్చెన ఎక్కలేకపోతే తోటివాళ్ళే కోసి ఆమె మెడలో వేశారు. ఆమె దాన్ని చూసుకోను కూడా లేదు. నన్ను మోతగదికి తీసుకెళ్ళండి అని ఇద్దరి భుజాల మీద వేలాడుతూ మెట్లు దిగింది. ఒక్కో మెట్టుకీ ఒక్కో కేక.

లోపల మోతరులు పట్టీలు విప్పించుకుని నీళ్ళు తాగుతున్నారు. నీలవేణి ఇంకా సొమ్మసిల్లి ఉందని, లేపలేదని సలోమి చెప్పింది. చారుమతి తువ్వాలు లాగకుండా ముందు ఆ చెయ్యి పట్టుకుంది. పట్టీ కింద వేలు దూర్చి గుడ్డముక్క కోసం వెతికింది. లేదు. చుట్టూ తిప్పి మళ్ళీ వెతికింది. చర్మం చల్లగా ఉంది. విదిలించినట్టు వదిలేస్తే చెయ్యి కుర్చీ పక్కకు జారి, అలాగే వేలాడింది.

సలోమి తువ్వాలు తీసింది. నోట్లో గుడ్డ తీసింది. ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి, నేల మీద కూలబడింది.

"ఆ నొప్పి ఈ పిల్లదేనమ్మా," అంది.

వెనకాలే వచ్చిన బెనర్జీ గోడకు ఆనుకుని నిలబడిపోయాడు. ఎన్నో ఏళ్ళుగా తన ఒంట్లో తన నొప్పన్నదే ఎరగని నీలవేణికి, అది వచ్చినప్పుడు ఎవరి పేరు పెట్టి పిలవాలో తెలియలేదు. పట్టీ తయారుచేసిన మహామేధావులకూ ఆ ఆలోచన రాలేదు.

చారుమతి ఏడవాలనే అనుకుంది. అక్క ముఖం చూసింది. కళ్ళు సగం తెరిచి ఉన్నాయి. లోపల ఏదో కదిలింది కూడా. కానీ దుఃఖపడడానికైనా ఒంట్లో కాస్త చోటుండాలి. చీలమండ ఆమెకు ఆ చోటు మిగల్చలేదు. అక్క మూడు రోజులు మోసినదాన్ని ఆమె మోస్తున్నది ఇంకా పావుగంట కూడా కాలేదు.

"అమ్మ," అంది. "అమ్మని పిలవండి సార్. పైన గ్యాలరీలో ఉంది. తొందరగా."

బెనర్జీ కళ్ళు తుడుచుకున్నాడు. ఎంతైనా పసిది, ఇలాంటప్పుడు తల్లి ఒడి కావాలి కదా అనుకుంటూ మెట్ల వైపు పరుగెత్తాడు. తోటి అమ్మాయిలు కూడా వెక్కుతూ ఆమెకు చోటిచ్చి పక్కకు జరిగారు.

చారుమతి కుర్చీ పక్కన కూలబడి, వేలాడుతున్న చేతిని ఒళ్ళోకి తీసుకుంది. కొక్కెం నొక్కి పట్టీ విప్పింది. లోపలి వైపు అక్క చెమట ఇంకా తడిగా ఉంటే జెర్సీ అంచుతో శుభ్రంగా తుడిచింది. మెట్ల మీద సత్యవతి నవ్వుతూ ఎవరికో ఏదో చెబుతూ దిగుతున్న చప్పుడు వినిపించింది. చారుమతి పట్టీని రెండు చేతులా తెరిచి పట్టుకుని గుమ్మం వైపు చూసింది.