ఈ ఇంటి సభ్యుడు కాదు

ఆ శుక్రవారం ఉదయం ఆర్షియా క్యాలెండరు కాగితం వెనక రాసుకున్న పనులివి. గ్యాసు బుక్ చెయ్యాలి. అబ్బాకు బీపీ మాత్రలు తేవాలి. మహీన్ స్కూలుకు రెండు పాస్‌పోర్టు ఫోటోలు ఇవ్వాలి. సచివాలయంలో మిగిలిపోయిన పదకొండు ఇళ్ల సర్వే ముగించాలి. సినిమా యాప్ మూడు రోజులుగా అడుగుతున్నదానికి జవాబు చెప్పాలి. సాయంత్రం ఆరు లోపల ఇల్లు చేరాలి.

చివరి దాని కింద రెండు గీతలు గీసింది. శుక్రవారం ఆరు గంటలంటే ప్రొద్దుటూరు మోడంపల్లెలోని ఆ ఇంట్లో ఎవరూ మరిచిపోని వేళ. అన్న నయీం కువైట్‌లో ఏసీ మెకానిక్కు. శుక్రవారం అతనికి సెలవు. ఇక్కడ ఆరు కొట్టేటప్పటికి అక్కడ మూడున్నర. అతను తన గదిలో ఫోన్‌లో, వీళ్లు ఇక్కడ టీవీలో, ఒకే సినిమా పెట్టుకుంటారు. రెండో ఫోను స్పీకరులో ఉంటుంది. అతని అయిదేళ్ల కూతురు మహీన్ "ఒకటి, రెండు, మూడు" అనగానే రెండు దేశాల్లో ఒకేసారి బటన్ నొక్కుతారు. ఆ పిల్ల ఇక్కడ నవ్వితే అతను అక్కడ నవ్వుతాడు. అతను చివరిసారి వచ్చి వెళ్లినప్పుడు దానికి మూడేళ్లు. మహీన్‌కు తండ్రి గురించి బాగా తెలిసింది ఒక్కటే, శుక్రవారం నాటి ఆ నవ్వు.

ఆ యాప్ పేరు తెరబండి. ఇంట్లో మొదట డిగ్రీ చదివింది ఆర్షియా. జమ్మలమడుగు దగ్గర గ్రామ సచివాలయంలో ఉద్యోగం రాగానే ఆమె ఇంటికి చేసిన మొదటి ఖర్చు ఇదే. 'కుటుంబమంతా ఒకే ప్లాన్‌లో' అన్న ప్రకటన చూసి, ఏడాదికి ఒకేసారి కట్టేసింది. నాలుగు నెలలు బాగానే నడిచింది. తర్వాత సినిమా మధ్యలో ప్రకటనలు మొదలయ్యాయి. అవి వద్దంటే పై ప్లాను తీసుకోవాలట. ఆ తర్వాత కొత్త సినిమాలకు వేరే అద్దె పెట్టారు. కట్టినా రెండు రోజులే, సగం చూసి నిద్రపోతే మళ్లీ కట్టాలి. ఆమె అన్నీ ఓర్చుకుంది. శుక్రవారం ఒక్కటి జరిగితే చాలనుకుంది.

జమ్మలమడుగు బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. ఫోన్ తెరిచింది. 'మీ ఇంటి వివరాలు సరిచూసుకోండి. కింది వారిలో మీ ఇంట్లో నివసించని వారిని గుర్తించండి' అని ఉంది. కింద ఆమె పేరు కాక మిగతా అయిదు పేర్లు, పేరు పక్కన చిన్న గడి.

ఆర్షియా రోజూ చేసే పని అదే. ఇంటింటికీ వెళ్లి, "మీ వాడు ఈడనే ఉంటాడా అత్తా?" అని అడుగుతుంది. "యాడమ్మా, కువైట్‌లో ఉండాడు" అంటారు. వలస అన్న గడిలో టిక్కు పెడుతుంది. ఆ పక్క సగం ఇళ్లలో ఒక టిక్కయినా పడుతుంది. నిజం రాయడం ఆమె ఉద్యోగం. వేలికి అలవాటైపోయింది. నయీం పేరు పక్కన కూడా అలాగే పడింది. 'ధన్యవాదాలు' అని వచ్చింది. ఆమె కాగితం తీసి ఆ పని కొట్టేసింది.

సాయంత్రం ఆరుకు పది నిమిషాలు ఉందనగా ఇల్లు చేరింది. వదిన రిహానా ఉగ్గాని చేసి, మిరపకాయ బజ్జీలు వేస్తోంది. తండ్రి ఇస్మాయిల్ కుర్చీలో కూర్చుని కళ్లజోడు తుడుచుకుంటున్నాడు. తల్లి గుల్జార్‌బీ చాప పరిచింది. మహీన్ రిమోటు ఒళ్లో పెట్టుకుని టీవీ పెట్టింది.

ఆ యాప్‌లో ఒక్కొక్కరికి ఒక్కొక్క బొమ్మ ఉంటుంది. మహీన్‌కు కుందేలు, తాతకు గుడ్లగూబ. నాయనకు సింహాన్ని మహీనే ఎంచింది.

"అత్తా, అబ్బూ సింహం యాడికి పోయింది?" అంది మహీన్.

సింహం ఉన్నచోట ఖాళీ గుండ్రం ఉంది. దాని కింద తెలుగులోనే, పెద్ద అక్షరాలతో రాసి ఉంది. గుల్జార్‌బీ కూడబలుక్కుంటూ పైకి చదివింది. "నయీం... ఈ ఇంటి... సభ్యుడు కాదు."

ఆమె మళ్లీ చదివింది. "ఎవరు రాసినారే ఇది? నా కొడుకు ఈ ఇంటోడు కాదని ఎవరే రాసినారు?"

అప్పుడే ఫోన్ మోగింది. రిహానా చేతులు తుడుచుకుని స్పీకరు నొక్కింది. మహీన్ "ఒకటి..." అనబోయింది.

"సినిమా వద్దులే బంగారూ," అన్నాడు నయీం. గొంతు మామూలుగా లేదు. "ఆర్షియా ఉందా ఆడ?"

"ఉండా భయ్యా."

"నాకొక మెయిలు వచ్చింది. చదువుతా విను. 'ఖాతా యజమాని ఆర్షియా మిమ్మల్ని ఇంటి సభ్యుల జాబితా నుంచి తొలగించారు.' నువ్వేనా చేసింది?"

"అది కాదు భయ్యా, వాళ్లు ఇంట్లో ఉండని వాళ్లెవరని అడిగితే..."

"నన్ను తీసేసినావు."

"నివసించని వాళ్లు అని ఉంటే టిక్కు పెట్టినా. నాకు తెలీదు భయ్యా ఇట్లా అవుతాదని."

"తెలీకుండా ఎట్లుంటాదమ్మా, చదువుకున్నదానివి. నెలనెలా దుడ్లు పంపేదానికి ఇంటోణ్ణే. పేరు ఉండేదానికే కాదు. యాభై డిగ్రీల ఎండలో మిద్దెల మీద ఏసీలు మోస్తాండా. శుక్రవారం రెండు గంటలు నా బిడ్డ పక్కన కూర్చున్నట్టు ఉండేది. అది కూడా మీకు ఎక్కువైందా?"

ఫోన్ పెట్టేశాడు. మళ్లీ చేస్తే ఎత్తలేదు.

రిహానా ఆడపడుచు వైపు తిరిగింది. "సర్వేలు చేసి చేసి నీకు ఇంట్లో మనుషులు కూడా గళ్ల మాదిరి కనపడతాండారా?"

"నేను కావాలని చేసినానా భాభీ?"

"కావాలని చేసుంటే కొట్లాడేదాన్ని. చూసుకోకుండా చేసినావు, అదీ నాకు కాలేది. ఆయన పేరు లేని ఇంట్లో నాకేం పని? పొద్దున్నే పులివెందులకు మా అమ్మ దగ్గరికి పోతా. పోయినాక నన్ను కూడా తీసెయ్యి ఆ జాబితాలో నుంచి."

బజ్జీలు నూనెలో మాడిపోయాయి. ఎవరూ పొయ్యి దగ్గరికి పోలేదు. మహీన్ రిమోటుతో ఆ ఖాళీ గుండ్రాన్ని నొక్కుతూనే ఉంది. నొక్కినప్పుడల్లా ఒకటే మాట వస్తోంది. 'అదనపు సభ్యుడిని చేర్చుకోండి. నెలకు నూట తొంభై తొమ్మిది రూపాయలు మాత్రమే.' దాని కింద చీమ తలకాయంత అక్షరాల్లో, భారతదేశంలో నివసించే వారికి మాత్రమే, అని.

ఆ మాట కనబడుతున్న టీవీ నయీం పంపిన డబ్బుతో కొన్నదే. గోడకు మేకులు కొట్టి దాన్ని తగిలించిందీ, పోయినసారి వచ్చినప్పుడు, అతనే. ఏడాది డబ్బు ముందే తీసుకుని, సగంలో నియమం మార్చి, చెల్లెలి చేతనే టిక్కు పెట్టించి, ఆమె పేరు మీదే అన్నకు ఉత్తరం పంపిన ఆ కంపెనీ మాత్రం ఎవరికీ కనబడదు. ఇంట్లో వాళ్లే ఒకరినొకరు కరుచుకోవాలి.

మరుసటి ఉదయం రిహానా బట్టల సంచి సర్దుకుంది. గడప దగ్గర చెప్పులు వేసుకుంటుంటే ఇస్మాయిల్ పిలిచాడు.

"పులివెందుల బస్సు గంటకొకటి ఉంటాదమ్మా. ఒక్క ఫోను చేసి చూసి పోదువులే. ఆర్షియా, ఆ కంపెనీ వాళ్లకు కలుపు."

ఒకటి నొక్కమన్నారు, నాలుగు నొక్కమన్నారు, ఇరవై నిమిషాలు సంగీతం వినిపించారు. చివరికి ఒక కుర్రవాడి గొంతు మర్యాదగా పలికింది. "నమస్కారం, తెరబండి కస్టమర్ కేర్ నుంచి వివేక్ మాట్లాడుతున్నాను."

ఆర్షియా జరిగిందంతా చెప్పింది. వాళ్లు ప్రకటనలో చెప్పిన మాట, తాను కట్టిన ఏడాది, ఆ ప్రశ్న, ఆ టిక్కు.

"మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం మేడమ్. మా పాలసీ ప్రకారం కుటుంబం అంటే ఒకే ఇంట్లో, ఒకే వైఫైలో ఉండేవాళ్లు. ఆ మార్పు గురించి మీకు మెయిల్ పంపాం."

"డబ్బు కట్టించుకునేటప్పుడు పెద్ద అక్షరాలు, మార్చేటప్పుడు మెయిలా? అప్పుడు వైఫై సంగతి ఎందుకు చెప్పలేదు? సరే, మిగిలిన నెలల డబ్బు వెనక్కి ఇవ్వండి."

"వార్షిక ప్లాన్‌కి రీఫండ్ ఉండదు మేడమ్."

గుల్జార్‌బీ ఫోన్ లాక్కుంది. "ఏం నాయనా, నేను కన్నవాడు నా ఇంటోడు కాదని చెప్పేదానికి నువ్వెవరప్పా? కాన్పు నువ్వు చేసినావా?"

"అమ్మా, అలా కాదమ్మా, సిస్టమ్‌లో..."

"ఇటివ్వు," అని ఇస్మాయిల్ చెయ్యి చాచాడు. ఫోన్‌ను బల్ల మీద పెట్టి, కళ్లజోడు సర్దుకున్నాడు. కోపం వస్తే ఆయన గొంతు తగ్గుతుంది.

"బాబూ, నేను జమ్మలమడుగు పాత బస్టాండు కాడ ఇరవై రెండేళ్లు క్యాసెట్టు షాపు నడిపినా. సినిమాలు బాడుగకిచ్చేది, క్యాసెట్లు ఆడించే డెక్కులు బాడుగకిచ్చేది. నీ పనే నాది కూడా. షాపులో ప్రతి ఇంటికీ ఒక కార్డు ఉండేది. కార్డు మీద ఇంటి యజమాని పేరు. సగం కార్డుల మీద ఎవరి పేర్లుండేవో తెల్సా? కువైట్‌లో, సౌదీలో ఉండే మగోళ్లవి. భార్యలొచ్చి క్యాసెట్టు తీస్కపోయేది. ఆ పేరుగల మనిషి మూడేండ్లకోసారి వస్తాడు. నేను ఏ పొద్దూ కార్డు చింపలే. ఎందుకంటే ఆ ఇంట్లో ఉండే డెక్కు పంపింది ఆయప్పే. క్యాసెట్టు ఎంతమంది చూస్తారని కూడా అడగలే. చూసినాక మళ్లీ మొదటికి చుట్టి ఇయ్యమని మాత్రం అడిగినా, అంతే."

"సార్, పాలసీ..." అన్నాడు వివేక్.

"నీది యా ఊరు బాబూ?"

"భీమవరం సార్. ఉద్యోగం హైదరాబాద్‌లో."

"మీ ఇంట్లో ఎంతమంది?"

"నలుగురం సార్. అమ్మ, నాన్న, తమ్ముడు, నేను."

"నిన్ను కూడా లెక్కేసుకున్నావే. నువ్వుండేది హైదరాబాదులో గదా. భీమవరం ఇంట్లో నువ్వెట్లా లెక్కకొస్తావు?"

ఈసారి వివేక్ గొంతులో నేర్పించిన మర్యాద లేదు. "మీరు చెప్పింది కరెక్టే సార్. నేను ఇంటికి పోయి ఎనిమిది నెలలైంది." "కానీ నా కంప్యూటర్‌లో ఆ ఆప్షన్ లేదు సార్. ఉంటే ఇప్పుడే పెట్టేవాణ్ణి. ఫిర్యాదు మాత్రం మీరు చెప్పింది చెప్పినట్టు రాస్తాను."

"రాయి నాయనా. నీ మీద కోపం లేదు. అమ్మకు ఫోన్ చెయ్యి."

ఆర్షియా ఆ పూటే ప్లాను రద్దు చేసింది. రద్దు బటన్ ఆరు తెరల వెనక దాచారు. ప్రతి తెరా నిజంగానా అని అడిగింది. చివరి తెర మీద, 'మీరు వెళ్లిపోతున్నందుకు మాకు బాధగా ఉంది' అని వచ్చింది.

"మావోణ్ణి తరిమినప్పుడు రాలేదా ఆ బాధ?" అంది గుల్జార్‌బీ టీవీతో.

తర్వాత ఆర్షియా బల్ల దగ్గర కూర్చుని వినియోగదారుల ఫోరానికి ఫిర్యాదు రాయడం మొదలుపెట్టింది. 'మా కుటుంబ సభ్యులు అయిదుగురు' అని రాసింది. అన్నతో కలిపితే ఆరుగురు. అక్కడ కలం ఆగిపోయింది. కాగితం మీద ఒక చుక్క పడి సిరా అలుక్కుపోయింది.

ఆమె తండ్రి వైపు తిరిగింది. "అబ్బా, నేనే టిక్కు పెట్టినా. ఎన్ని ఇండ్లలోనో ఇట్లనే పెట్టినా. వలస అని రాసేటప్పుడు ఆ తల్లులు ఒక తీరుగా చూస్తారు అబ్బా. ఎందుకట్లా చూస్తారో నాకు నిన్నటిదాకా తెలీలే."

పక్కన ఎవరో కూర్చున్నారు. రిహానా. చెప్పులు గడప దగ్గరే విడిచి వచ్చింది. "ఇంకో కాగితం తీసుకో, ఇది తడిసిపోయింది," అంది. తర్వాత మెల్లగా, "మామ మాట్లాడింది నేను ఫోన్‌లో రికార్డు చేసినా. మీ అన్నకు పంపినా," అంది.

నయీం ఫోన్ మధ్యాహ్నానికి వచ్చింది. అవతల ముక్కు ఎగబీలుస్తున్న చప్పుడు.

"ఆర్షియా."

"భయ్యా, నన్ను..."

"నువ్వు ఊరుకో. నిన్న నేను అన్నది తప్పు. రాత్రంతా ఆ మెయిలే చూస్తాండా. దాంట్లో నీ పేరుంది, వాళ్ల పేరు లేదు. అది చూసి నీ మీద పడినా." తర్వాత తండ్రిని అడిగాడు. "అబ్బా, నీ షాపు కార్డులు ఇంకా ఏమన్నా మిగిలినాయా?"

ఇస్మాయిల్ లేచి, ఇనుప పెట్టెలో అడుగున వెదికి, పసుపుపచ్చ అట్టముక్క ఒకటి తెచ్చాడు. ఖాళీ కార్డు. సభ్యుడి పేరు అన్నచోట నయీం అని రాశాడు. చిరునామా అన్నచోట మోడంపల్లె, ప్రొద్దుటూరు అని రాశాడు. గడువు అన్నచోట ఏమీ రాయలేదు. మహీన్ దాని మీద పసుపు రంగు పెన్సిలుతో సింహం గీసింది. అది పిల్లికీ మేకకూ మధ్యలో ఉంది. కార్డును టీవీ మూలన అతికించారు.

ఆ తర్వాతి శుక్రవారం టీవీలో మామూలు ఛానెల్‌లో ఒక పాత సినిమా వస్తోంది. ఫోన్‌ను నీళ్ల చెంబుకు ఆనించి, కెమెరా టీవీ వైపు పెట్టారు. బొమ్మ అదురుతోంది, మాట ఆలస్యంగా పోతోంది.

"కనపడతాందా అబ్బూ?" అని అరిచింది మహీన్.

"సినిమా నాకొద్దురా. ఫోను మీ తట్టు తిప్పండి."

తిప్పారు. ఇక్కడ అయిదుగురు చాప మీద కూర్చుని సినిమా చూశారు, అక్కడ అతను వాళ్లను చూశాడు. మహీన్ నవ్వింది. ఒక్క క్షణం ఆలస్యంగా, కువైట్ నుంచి నవ్వు వచ్చింది.

ఫోరం నుంచి ఇంకా జవాబు రాలేదు. ఆర్షియా మళ్లీ రాస్తుంది, వచ్చేదాకా రాస్తుంది. ఈలోగా మీ ఇంట్లో ఎవరు ఉంటారు, ఎవరు ఉండరు అని ఏ తెరైనా మిమ్మల్ని అడిగితే, గడిలో వేలు పెట్టేముందు, ఎండలో మిద్దెల మీదికి ఏసీలు మోస్తున్న మోడంపల్లె నయీంను ఒక్కసారి గుర్తు చేసుకోండి.