పాత జత

“ఆ పెట్టె నాకొద్దు బాబూ! విప్పి పట్టుకుపోండి.”

తలుపు తీస్తూనే డాన్స్ టీచర్ అంతెత్తున లేచింది. గుమ్మంలో టీవీ మెకానిక్ వానకు తడిసి ముద్దయి నిలబడ్డాడు. ఆమె ఫోన్ చేసి కోప్పడితే చాలు, ఈ మహానుభావుడు ఎక్కడి పని అక్కడే వదిలేసి పరిగెత్తుకొస్తాడు. ఆ సంగతి షాపులో అందరికీ తెలుసు, ఒక్క ఆమెకు తప్ప.

“మొన్ననేగా బిగించాను. బొమ్మ రావట్లేదా?”

“భేషుగ్గా వస్తోంది, నాది కాదు! లాప్‌టాప్‌లో నా స్టెప్పులు పెడితే టీవీలో ఎవరో పెద్దావిడ కూర్చుంటోంది.”

“ఏదో సీరియల్ అయ్యుంటుంది లెండి.”

“సీరియల్లో ఆవిడ నన్ను చూసి ‘తిన్నావా’ అని అడుగుతుందా?”

అతనికి నవ్వొచ్చింది. లాప్‌టాప్‌కి ఒక పెట్టె, టీవీకి ఒక పెట్టె. ఇది గాల్లో పంపితే అది అందుకుంటుంది, డాన్స్ చేసే కాళ్లకు వైరు అడ్డం రాదు. అంతే కథ. ఇందులోకి పెద్దావిడ ఎక్కణ్ణుంచి వస్తుంది?

నవ్వుతూనే టీవీ ఆన్ చేశాడు. తెరమీద కిటికీ పక్కన కుర్చీ, కుర్చీలో నీలం చీర.

మరుక్షణం టూల్ బ్యాగు చేతిలోంచి జారిపోయింది.

“మా అమ్మ,” అన్నాడు.

“ఓహో, మీ అమ్మగారా! మరి ముందే చెప్పొచ్చుగా. హడలి చచ్చాను.”

“అమ్మ పోయి ఏడాదైందండీ.”

తెరమీద పెద్దావిడ చీర కుచ్చిళ్లు సర్దుకుంటోంది.

పోయేముందు అమ్మే కెమెరా పెట్టించుకుని, కొడుకుని గదిలోంచి పంపేసి ఏదో మాట్లాడింది. ఆ వీడియో అతను ఇంతవరకూ చూడలేదు. చూసేస్తే అమ్మ చివరిమాట కూడా అయిపోతుందని భయం. రోజూ చూద్దామనుకుంటాడు, కెమెరా ముట్టుకోగానే చేతులాడవు.

“తప్పు నాదేనండీ. ఆ రోజు షాపులో టీవీ పెట్టె అయిపోయింది. లేదని చెప్తే మీరు ఇంకో షాపుకి వెళ్తారని మా ఇంట్లోది తెచ్చి బిగించాను. మీ లాప్‌టాప్ పెట్టెతో కొత్త జత కలిపానుగానీ, మా కెమెరా పెట్టెతో ఉన్న పాత జత చెరపడం మర్చిపోయాను. అందుకే మా ఇంటి కెమెరాలోది ఇక్కడికొస్తోంది.”

“హమ్మయ్య!” ఆమె గుండెమీద చెయ్యేసుకుంది. “మీ ఇల్లు పక్క వీధేనా?”

“కాదు, బస్సెక్కాలి.”

“ఇది అంత దూరం పనిచేస్తుందా?”

“ఈ గోడ కూడా దాటదు.”

“మరి ఇంట్లో కెమెరా ఎవరు ఆన్ చేశారు?”

“ఎవరూ లేరు. వానకి గోడ చెమ్మగిల్లుతోందని కరెంటు మెయిన్ కట్టేసి వచ్చాను.”

టీచర్ అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది. తెర నల్లబడింది. అతను ఒక్కసారిగా ముందుకు తూలాడు.

“అమ్మా, ఉండవే!” అని చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు.

పెట్టె విప్పమన్న మనిషి పెట్టె సంగతే మర్చిపోయింది. “పదండి మీ ఇంటికి. ఆ వీడియో ఇద్దరం చూద్దాం.”

“మీకు భయం కదా?”

“భయమే. అయినా మిమ్మల్నిలా ఒంటరిగా వదిలెయ్యమంటారా?”

బస్సులో అతను కిటికీ వైపు తిరిగి అసలు సంగతి చెప్పేశాడు. “మీరు ఇంకో షాపుకి వెళ్తే మళ్లీ కనబడరని... అందుకే ఆ పని చేశాను. మీరంటే నాకు చచ్చేంత ఇష్టం.”

“చెప్పడానికి ఇంత ముహూర్తమా!” అందామె. పట్టుకున్న చెయ్యి మాత్రం వదల్లేదు.

ఇంట్లో మెయిన్ వేశాడు. కెమెరాకీ టీవీకీ మధ్య మామూలు వైరు తగిలించాడు. గాల్లో పంపడాలు ఏమీ లేవు. అతను మంచం అంచున కూర్చున్నాడు. ఆమె గుమ్మం దగ్గరే నిలబడింది. బటన్ మీద అతని వేలు మళ్లీ ఆగింది.

“నేనున్నాగా, నొక్కండి,” అంది.

నొక్కాడు.

“నాన్నా, ఏడవకు,” అంది అమ్మ. “నాకిప్పుడు నొప్పేమీ లేదురా. నీకు తోడు దొరికితే చాలు, నాకింకేం బెంగ లేదు.”

అతను కళ్లు తుడుచుకున్నాడు. వీడియో అయిపోవచ్చింది. అమ్మ కుర్చీలోంచి లేవబోయి ఆగింది. కొడుకు తల మీదుగా గుమ్మంవైపు చూసి, నవ్వి, మంచం మీద అతని పక్కన ఖాళీ చోటు చూపించింది.

“నిలబడిపోయావేంటమ్మా? రా, వాడి పక్కన కూర్చో.”