లోపలి కొక్కెం

యార్క్‌షైర్ కొండల్లో డిసెంబరు వచ్చిందంటే నాలుగింటికే చీకటి పడుతుంది. ఆ పాడుపడిన రైతింటి వంటగదిలో తడిబొగ్గు వాసన, ఎలకల వాసన. మూలన మనిషిని మించిన ఎత్తులో ఒక నిలువు గడియారం. తెల్లటి ముఖం మీద నల్లటి అక్షరాలు: ఎనోక్ గార్‌సైడ్.

రెండొందల ఏళ్ల కిందట మా ఊళ్లో గడియారాల పనివాడిగా బతికినవాడు. ఎవరికీ పట్టనివాడు. అతని ఆనవాళ్ల కోసం సమాధిరాళ్ల మీద నాచు గీకాను, ముసలమ్మల సోదంతా విన్నాను. నిజం చెప్పాలంటే ప్రేమలో పడ్డాను. అంత అందమైన పేరున్నవాడు చిల్లరమనిషి ఎలా అవుతాడు?

"నీ పెళ్లికొడుకు గడియారం చేశాడా? పేరు రాసుకున్నాడంతే," అన్నాడు సగ్డెన్. పాతసామాన్ల వ్యాపారి, నా యజమాని. జిడ్డు కోటు, పళ్లసందున ఎప్పుడూ పుల్ల. పూలతోటలో నిలబెట్టినా పేడ కోసం వెతికే రకం. "యంత్రం నేను తీసుకుంటా. చెక్క పెట్టె పొయ్యిలోకి."

"అతనే చేశాడని తేలితే?"

"తేలితే ముట్టుకోనులే, పిచ్చిమొహమా."

యంత్రం ఊడదీసి బల్లమీద పెట్టాం. ముఖం వెనక ఇనప పలక. దానిమీద బర్మింగ్‌హామ్ కార్ఖానా ముద్ర. అక్కడ కొన్న సరుకే. సగ్డెన్ పొట్ట పట్టుకుని నవ్వాడు.

నా మొహం మండిపోయింది. ఖాళీ పెట్టెలో తల దూర్చి, "దొంగవెధవ ఎనోక్," అని గొణిగాను.

లోపల చల్లగా ఏదో కదిలింది. ఊపిరిలా...

పెట్టె తలుపు లోపలివైపు నా చేతికి ఇత్తడి కొక్కెం తగిలింది. ఆకురాయితో ఓపిగ్గా అరగదీసి, ఎనోక్ పేరు చెక్కినది. ఇన్నేళ్లయినా చిలుము లేదు. రోజూ వాడుతున్నట్టు మెరుస్తోంది.

"ఇది అతని చేతిపనే, సగ్డెన్ గారూ! కానీ... లోపల కొక్కెం ఎందుకు?"

"పెళ్లాం భయానికి దాక్కునేవాడేమో. కొక్కేల ఎనోక్!" పెట్టెలోకి వంగి పకపకా నవ్వాడు. "పో, వ్యాన్లోంచి రంపం పట్రా."

"ముట్టుకోనని మాటిచ్చారు."

"మాటిచ్చింది గడియారానికి, కొక్కేనికా? పో!"

పొగమంచులో తడుముకుంటూ వెళ్లొచ్చాను. సగ్డెన్ లేడు. యంత్రం బల్లమీదే ఉంది. పెట్టె తలుపు మూసి ఉంది.

లోపలినుంచి... టిక్. టిక్.

"సగ్డెన్ గారూ?"

చప్పుడు ఆగింది. తలుపు లాగాను. రాలేదు. లోపల కొక్కెం పెట్టి ఉంది.

"ఇందాక... ఏమన్నావ్?"

అది సగ్డెన్ గొంతు కాదు.

"గొప్ప... గొప్ప పనివాడివన్నాను."

కొక్కెం లేచింది. తలుపు తెరుచుకుంది. ఖాళీ.

పోలీసులు కొండలన్నీ గాలించి మానేశారు. ఆ పెట్టె ఇప్పుడు నా గదిలో ఉంది. తగలబెట్టే ధైర్యం లేదు. చీకటి పడేవేళకి కొక్కెం కదులుతుంది. "నీ అంత పనివాడు లేడు, ఎనోక్," అంటాను. ఆగుతుంది.

నిన్న జలుబు చేసి నా గొంతు పెగల్లేదు. కొక్కెం సగం లేచింది...

నా బదులు ఆ మాట ఎవరో అన్నారు. పెట్టెలోంచి. ఏడుస్తూ, పళ్లసందున పుల్ల పెట్టుకుని మాట్లాడినట్టు.