వేలికి తెలిసిన నంబరు

మేడ మీది డ్రాయింగ్ మాస్టారి గదిలోకి అడుగుపెట్టగానే పిడుగు నోరు తెరిచింది. మూయడం మరిచిపోయింది. ఇంట్లో అందరూ ఆ పిల్లను పిడుగు అనే పిలుస్తారు.

గోడ పొడవునా అద్దాల బీరువా. నిండా పాత సెల్‌ఫోన్లు. ఇటుకంత ఫోను, యాంటెనా ఉన్న ఫోను, పుస్తకంలా మడిచే ఫోను. జనం పారేసినవాటిని మాస్టారు ఏరి, తుడిచి, వరసగా నిలబెట్టారు. ఒక్కచోట మాత్రం ఖాళీ.

పిడుగు తెచ్చిన నల్లటి బటన్ల ఫోన్‌ను మాస్టారు అటూ ఇటూ తిప్పి చూశారు. ఆ ఖాళీ దీనికోసమేనన్నారు.

"ఇంట్లో అడిగే తెచ్చావా?"

"అడిగానండి."

అడగలేదు. అడిగితే అమ్మమ్మ ఇవ్వదని తెలుసు.

మాస్టారు బదులుగా ఒక టచ్ ఫోన్ ఇచ్చి, సిమ్ కూడా మార్చి పెట్టారు. అమ్మమ్మకి కొత్త ఫోను తెస్తున్నానని పిడుగు తనకు తానే సర్దిచెప్పుకుంది. అసలు ఆశ గేముల మీద.

అమ్మమ్మకి చూపు లేదు. రోజూ దీపాలు పెట్టే వేళకి, పక్క ఊళ్లో మంచాన పడ్డ చెల్లెలికి ఫోన్ చేస్తుంది. ఆవిడకి చేతులు ఆడవు. ఎవరైనా చెవి దగ్గర పెడితే వింటుంది. ఆ పిలుపు కోసమే రోజంతా కాచుకుని ఉంటుంది.

ఆ సాయంత్రం అమ్మమ్మ వేళ్లు అద్దం మీద జారాయి. మళ్లీ జారాయి.

"ఇదేంటే, పలకలా ఉంది? దీనికి కన్నూ లేదు, ముక్కూ లేదు."

పిడుగు నసుగుతూ జరిగింది చెప్పింది. నంబరు చెబితే తనే నొక్కుతానంది. అమ్మమ్మ ఎంత తడుముకున్నా నంబరు నోటికి రాలేదు.

"నాకు తెలీదే. వేలికే తెలుసు."

నంబరు తెలిసిన అమ్మ పని నుంచి వచ్చేసరికి ఆ చెల్లెలు నిద్రపోతుంది. అమ్మమ్మ తిట్టలేదు. "అవతల అది ఎదురుచూస్తుంటుందే," అంది. తిట్టినా బాగుండేది.

పిడుగు టచ్ ఫోన్ పట్టుకుని మెట్లెక్కింది.

"నేను అడగలేదండి. అబద్ధం చెప్పాను."

మాస్టారు పర్లేదనలేదు. బీరువా తాళం తీసి, పాత ఫోను చేతిలో పెట్టారు.

కింద అమ్మమ్మ గదిలో చీకటి పడుతోంది. సిమ్ మార్చిన ఫోన్‌ని అమ్మమ్మ అందుకుంది. బొటనవేలు ఐదు అంకె మీది చిన్న బొడిపెను వెతికి పట్టుకుంది. అక్కణ్ణుంచి పైకి, పక్కకి, కిందికి పరుగెత్తింది. ఒక్కచోటా తడబడలేదు. రింగు మోగింది.

"వచ్చావా, అక్కా," అంది సన్నటి గొంతు.

పిడుగు ఆ వేలినే చూసింది. ఆ బొడిపె ఎన్నేళ్లుగానో తన కళ్లముందే ఉంది. ఒక్కనాడూ కనబడలేదు.

మర్నాడు బీరువాలో ఖాళీ చోట మాస్టారు ఒక అట్టముక్క నిలబెట్టారు. దాని మీద 'డ్యూటీలో ఉంది' అని రాసి ఉంది.

పిడుగు ఇంటికొచ్చింది. ఫోను గూట్లోనే ఉంది. చెయ్యి చాస్తే అందేంత దూరం. చాచలేదు. అమ్మమ్మ ఎదురుగా వెళ్లి కూర్చుంది.

"అమ్మమ్మా, ఒకసారి ఇస్తావా?"

అమ్మమ్మ ఇచ్చాక, పిడుగు కళ్లు గట్టిగా మూసుకుని, బొడిపె కోసం వేలితో వెతికింది.